రాళ్ళకు టికెట్టు

(బెంగళూరు, జయనగర్. ఒక హాల్లో రాళ్ళు, ఖనిజాల ప్రదర్శన. మాట్లాడేది ఇద్దరే: మా ఆవిడ అరుంధతి, మా చెల్లెలు రమణి. నేనూ ఉన్నాను గానీ, సంచి మోసేవాడికి డైలాగులుండవు.)

అరుంధతి: మనిషికి 100 రూపాయలా? రాళ్ళు చూడ్డానికా?

రమణి: వదినా, మెల్లగా. వెనక జనం ఉన్నారు.

అరుంధతి: ఉండనీ. నిన్న లాల్‌బాగ్‌లో ఆ పెద్ద బండ చూపించి 300 కోట్ల ఏళ్ళదన్నావు. కెంపేగౌడ గోపురం దాని మీదే ఉంది. జనం దాని మీదే కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. అంతకన్నా పాత రాయి లోపల ఉందేమో అడుగు, ఉంటే ఇస్తా.

రమణి: అక్కడ కూడా టికెట్టు తీసుకున్నాం కదా.

అరుంధతి: అది పూలకి.

(టికెట్లు నేను తీసుకున్నాను. మొదటి బల్ల మహారాష్ట్ర వాళ్ళది.)

రమణి: అబ్బ, చూడు వదినా! పటికబెల్లం ముక్కల్లా ఎంత తేటగా ఉన్నాయో. అపోఫిల్లైట్ అట, జల్‌గావ్ నుంచి. కింద లేత నారింజ రంగులో ఉన్నది స్టిల్బైట్.

అరుంధతి: ఎవరు చెక్కారు?

రమణి: ఎవరూ చెక్కలేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద దక్కన్ అంతా లావా పారింది. అది గడ్డకట్టేటప్పుడు లోపల బుడగలు మిగిలిపోయాయి. తర్వాత ఖనిజాలు కరిగిన నీళ్ళు ఆ ఖాళీల్లోకి దిగి, కొంచెం కొంచెంగా ఇవి పేరుకున్నాయి. క్వారీలో బండ పగలగొట్టినప్పుడో, బావి తవ్వినప్పుడో బయటపడతాయి.

అరుంధతి: మా గీజర్ లోపల కూడా నీళ్ళకి తెల్లగా పేరుకుంది. దాన్ని గీకించడానికి మీ అన్నయ్య 700 తగలేశాడు. తెలిసుంటే విప్పి ఇక్కడికే తెచ్చేవాళ్ళం.

రమణి: నీతో ఏది చూసినా ఇంటి రిపేర్లే గుర్తొస్తాయి. పోనీ ఈ గులాబీ రంగు అగేట్ చూడు. టీపాయ్ మీద పెడితే ఎంత బాగుంటుందో!

అరుంధతి: రంగేశారు.

రమణి: నీకన్నీ అనుమానాలే.

అరుంధతి: అడుగు.

(అడిగింది. రంగేసిందే. అగేట్‌లో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయట, రంగులో నానబెడితే పీల్చుకుంటుందట. అతను దాచకుండా చెప్పాడు పాపం. ఆ గెలుపుతో మా ఆవిడ పక్క బల్ల మీద పడింది.)

అరుంధతి: ఇదిగో, ఇదీ దొంగదే. అన్ని వైపులా ఇంత సమంగా రాయి ఎక్కడైనా పుడుతుందా? కోసి, పాలిష్ పెట్టి, ఇత్తడి పూత పూశారు.

రమణి: అది పైరైట్ వదినా. ఇనుము, గంధకం. స్పెయిన్‌లో నవాహున్ అనే ఊరి దగ్గర ఇలాగే దొరుకుతాయి. చూడు, ఇది సగం ఇంకా మట్టిరాయిలోనే ఉంది. రాయి లోపలికెళ్ళి ఎవరు కోస్తారు?

అరుంధతి: అంటించారు.

రమణి: గమ్ము ఎక్కడుంది?

అరుంధతి: నీకు కనిపించేట్టు అంటిస్తే వాడేం వ్యాపారం చేస్తాడు?

(ఇక్కడ మా చెల్లెలిదే కరెక్టు. పైరైట్‌కి అలా ఘనాకారంలో పెరగడం మామూలే. నాకు తెలుసు. కానీ రాత్రికి భోజనం ఇంట్లోనే చేయాలి కదా, ఊరుకున్నాను. బల్ల దగ్గరున్నామె పైరైట్‌ని గరుకు పింగాణీ పలక మీద గీసింది. నల్ల గీత వచ్చింది. బంగారమైతే పసుపు గీత వస్తుందంది.)

అరుంధతి: దీనికింత హడావుడా? కంసాలి గీటురాయి మీద గీసి చూసేది ఇదేగా.

రమణి: ఇప్పుడు నా అసలు పని. పోయినేడు సిట్రిన్ కొని పూజగదిలో పెట్టానా, ధనానికి. ఇవాళ అమెథిస్ట్ తీసుకుంటా, శాంతికి.

అరుంధతి: ధనం వచ్చిందా?

రమణి: అంత తొందరగా రాదు.

అరుంధతి: బాబూ, ఈ పసుపు రాయికీ ఊదా రాయికీ తేడా ఏంటి?

(అడక్కుండా ఉండాల్సింది. రెండూ క్వార్ట్జే అన్నాడు. లోపల రవ్వంత ఇనుముండి, దానికి భూమిలోని సహజ రేడియేషన్ తగిలితే ఊదా రంగు వస్తుంది. దాన్నే బట్టీలో పెట్టి కాలిస్తే పసుపవుతుంది. బజార్లో సిట్రిన్ పేరుతో అమ్మేది చాలావరకు కాల్చిన అమెథిస్టే. అడుగు తెల్లగా, కొసలు ముదురు నారింజగా ఉంటే అనుమానించాలట. రమణి పూజగదిలో ఉన్నదాని అడుగు సున్నం కొట్టినంత తెలుపు.)

అరుంధతి: అంటే ఏడాదిగా నువ్వు లక్ష్మీదేవి అని దణ్ణం పెడుతున్నది మాడిపోయిన శాంతికా?

రమణి: కాల్చింది అన్నాడు. మాడింది అనలేదు.

అరుంధతి: పప్పు మాడితే మీ అన్నయ్య కంచం జరిపేస్తాడు. రాయి మాడితే రేటు పెరుగుతుంది! నేను తప్పు వ్యాపారంలో ఉన్నానే.

రమణి: అమెథిస్ట్ మాత్రం అసలుదే. ఎండ తగిలేచోట పెట్టొద్దంటున్నాడు, రంగు వెలిసిపోతుందట.

అరుంధతి: ఎండకి వెలిసిపోయే శాంతి మా పత్తికొండలో పనికిరాదు. నువ్వు మాట్లాడ్డం తగ్గించు, నీ ఇంటికి ఉచితంగా వస్తుంది.

రమణి: నువ్వు మా ఇంటికొచ్చాకే దాని అవసరం పడింది. రా, ఆ నల్ల తెర లోపల అల్ట్రావయొలెట్ లైటు పెట్టారు.

(లోపల చీకటి. లైటు వేయగానే ఫ్లోరైట్ నీలంగా, ఒక రకం కాల్సైట్ ఎర్రగా వెలిగాయి. నిజంగానే బాగుంది.)

అరుంధతి: ఇవి సరే, ఆ మూల అంత తెల్లగా మెరిసిపోతున్నదేంటి? అదే అన్నిటికన్నా బాగుంది. అదేం రాయి?

రమణి: వదినా, అది అన్నయ్య చొక్కా.

(బట్టలు తెల్లగా కనిపించడానికి సబ్బుపొడిలో కలిపే రసాయనాలు అల్ట్రావయొలెట్ కింద అలాగే వెలుగుతాయి. ఒక కుర్రాడు నన్ను ఫోటో తీసుకున్నాడు.)

అరుంధతి: చూశావా, నా ఉతుకు.

(బయటికొచ్చాక మా ఆవిడ ఎవరూ చూడని ఒక బూడిద రంగు రాయి దగ్గర ఆగింది.)

అరుంధతి: మంగంపేట! మన కడప వైపుది. బెరైటీస్. ఇది తీసుకుందాం.

రమణి: ఇంత హాల్లో నీకు నచ్చింది ఇదా? దీని మొహంలో కళేది?

అరుంధతి: పైకెత్తు. ఎత్తి మాట్లాడు. నీళ్ళకన్నా నాలుగున్నర రెట్లు బరువు. నూనె బావి తవ్వేటప్పుడు దీన్ని పొడిచేసి బురదలో కలిపి పోస్తారు. లోపలి నూనె, గ్యాసు పైకి తన్నకుండా ఆ బరువే అణచిపెడుతుంది.

రమణి: అలా అణచిపెట్టే పని మీకెలా అబ్బిందో ఇప్పుడర్థమైంది.

(రాయి సంచిలోకి వచ్చింది. దాని బరువు గురించి ఆవిడ చెప్పింది నిజం. ఇక చివరి బల్ల దగ్గర మా ఆవిడ అటూ ఇటూ చూసి కొంగుముడి విప్పింది.)

రమణి: ఏంటది?

అరుంధతి: ఏం లేదు.

రమణి: వదినా!

అరుంధతి: మా నాయన జొన్నగిరి చేలో ఏరిన రాయి. తొలకరి పడిందంటే చాలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి అక్కడ గుడారాలేసుకుని వజ్రాలు వెతుకుతారు తెలుసుగా. పెళ్ళిలో నా చేతిలో పెట్టాడు, ఎవరికీ చెప్పొద్దని.

రమణి: ఇన్నేళ్ళూ అన్నయ్యకి కూడా చెప్పలేదా?

అరుంధతి: చెబితే అమ్మి స్కూటర్ కొనేవాడు.

(కొనేవాణ్ణే.)

రమణి: అసలు వజ్రాలంటే మా గుంటూరు వైపు. కోహినూరు కొల్లూరులోనే దొరికిందంటారు.

అరుంధతి: ఇప్పుడెక్కడుంది?

రమణి: లండన్‌లో.

అరుంధతి: కొల్లూరు గని?

రమణి: పులిచింతల నీళ్ళ కింద.

అరుంధతి: నా రాయి నా కొంగులోనే ఉంది.

(బల్ల దగ్గరున్న పెద్దాయన భూతద్దంతో చూశాడు. 1812లో మోస్ అనే ఆయన వేసిన కాఠిన్యం లెక్క చెప్పాడు. గోటితో గీసినా గీత పడే టాల్క్ 1, క్వార్ట్జ్ 7, కురువిందం 9, వజ్రం 10. గట్టిది మెత్తదాన్ని గీస్తుంది. కాబట్టి కురువిందంతో గీస్తే గీత పడకూడదు. గీశాడు.)

రమణి: పడింది వదినా.

అరుంధతి: దుమ్ము అది. తుడవమను.

రమణి: తుడిచాడు. క్వార్ట్జ్ అంటున్నాడు.

అరుంధతి: ఆయన చేతిలోదే వజ్రమేమో కనుక్కో.

రమణి: కురువిందం. దాని వెల 40 రూపాయలట. పోనీలే, బాధపడకు. పక్క బల్ల మీద చూడు, అచ్చం నీలాంటిదే. "క్లియర్ క్వార్ట్జ్, హీలింగ్ క్రిస్టల్, ఏకాగ్రతకు." 850.

అరుంధతి: ఎంత?

రమణి: 850.

అరుంధతి: రమణీ, నీకు శాంతి కావాలన్నావు కదూ?

రమణి: దానికి అమెథిస్ట్ కావాలి.

అరుంధతి: ఇందాక విన్లేదా, అన్నీ క్వార్ట్జే. ఇది కాల్చింది కాదు, రంగేసింది కాదు, ఎండలో ఏరింది కాబట్టి ఎండకి వెలవదు కూడా. ఇంటి మనిషివి, 800 ఇవ్వు.

రమణి: గీత పడింది కదా!

అరుంధతి: అందుకే 50 తగ్గించా.

రమణి: 200.

అరుంధతి: మా నాయన నడుం విరిగేలా వెతికాడే తల్లీ. 500.

రమణి: 300. ఇంకొక్క రూపాయి ఎక్కువివ్వను. అన్నయ్యా, చేతిలో డబ్బుంటే 300 ఇవ్వు, ఇంటికెళ్ళాక ఫోన్‌పే చేస్తా.

(ఇచ్చాను. మా ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టుకుని పర్సులో వేసుకుంది.)