రివాల్వర్‌తో వారధి దాటేముందు లైసెన్సు చదవండి

బెజవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: "లైసెన్సున్న తుపాకీని కారు డ్యాష్‌బోర్డులో పెట్టుకుని దేశమంతా తిరగొచ్చు. కారు ఇల్లుతో సమానం, వారెంటు లేనిదే పోలీసులు అడగకూడదు. మీరు లేనప్పుడు డ్రైవరు దగ్గర ఉంచొచ్చు." ఇందులో ఒక్క మాటా నిలవదు.

దేశమంతానా? ఎక్కడిదాకా చెల్లుతుందో లైసెన్సు మీదే రాసుంటుంది. ఎన్టీఆర్ జిల్లా అని మాత్రమే ఉంటే, కనకదుర్గ వారధి దాటి తాడేపల్లిలో దిగేసరికి మీరు గుంటూరు జిల్లాలో ఉంటారు, మీ లైసెన్సు కృష్ణ అవతలే ఆగిపోతుంది. షరతు దాటితే 1959 ఆయుధాల చట్టం 30వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా చూసి నవ్వుకోకండి, లైసెన్సే రద్దు కావచ్చు.

వారెంటు సంగతి మరీ అన్యాయం. ఆయుధం తీసుకెళ్తున్నవాణ్ణి లైసెన్సు చూపించమని ఏ పోలీసు అధికారైనా అడగొచ్చు, అది 19వ సెక్షన్. చూపకపోతే తుపాకీ స్వాధీనం చేసుకోవచ్చు. 20వ సెక్షన్ ఇంకా గట్టిది. చెడ్డపనికి తీసుకెళ్తున్నారనడానికి తగిన అనుమానం ఉంటే, లైసెన్సు ఉన్నా సరే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. పోలీసులే అక్కర్లేదు, బండి మీద పనిచేసే ఉద్యోగికీ ఆ అధికారం ఉంది. మన ఆర్టీసీ కండక్టరూ ఆ లెక్కలోకే వస్తాడు!

లైసెన్సు లేని డ్రైవరు మీ తుపాకీ మోయాలంటే మీరు పక్కనుండాలి, లేదా రాసిచ్చిన అనుమతి ఉండాలి. అదీ రిపేరుకో, రెన్యూవల్‌కో, మీ వాడకానికో మాత్రమే. ఊరికే ఉంచమని చెప్పిపోతే, 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీకి శిక్ష 2 నుంచి 5 ఏళ్లు. పాపం, అతను చేసింది మీ మాట వినడమే.

డ్యాష్‌బోర్డు ముచ్చట అమెరికా వీడియోల్లోంచి దిగినట్టుంది. రాష్ట్రాలు దాటే ప్రయాణాలకు అక్కడున్న 1986 నాటి చట్టమే తూటాలు తీసేసి, చేతికందని చోట పెట్టమంటుంది. డిక్కీ లేని బండయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, డ్యాష్‌బోర్డు అర ఆ లెక్కలోకి రాదు. మన 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో రివాల్వర్ హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో, పూర్తిగా కప్పి, మనిషి అదుపులో ఉండాలి. బెంజ్ సర్కిల్ దగ్గర కారు ఆపి మీరు టిఫినుకెళ్తే అది ఎవరి అదుపులో ఉన్నట్టు?

మెసేజ్ చెప్పనిది ఒకటుంది. ప్రత్యేక అనుమతి లేకుండా జాతరకు, మతపరమైన ఊరేగింపుకు, విద్యాసంస్థ ఆవరణలోకి ఆయుధం తీసుకెళ్లకూడదన్నది లైసెన్సు షరతే. పిల్లల్ని కాలేజీ గేటు లోపలిదాకా దింపే నాన్నలు ముందు ఆ అర ఖాళీ చేసి బయల్దేరండి.