కష్టార్జితం ఎవరిది, ధర్మం ఎవరికి? అమెరికా సంక్షేమంలో అధ్యక్షులు గీసిన గీత

2025 జులై 4న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన పన్నులు, వ్యయాల చట్టంలో పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌కు పెద్ద కోత పడింది. పని చేయగల వయసులో ఉన్న లబ్ధిదారుల్లో చాలామంది ఇకపై నెలకు 80 గంటలు పని గానీ, చదువు గానీ, సమాజ సేవ గానీ చేస్తున్నట్టు రుజువు చూపాలి. ఈ చట్టం వల్ల 2034 నాటికి మరో కోటిమంది దాకా బీమా లేనివారవుతారని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు చెందిన బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. అదే చట్టం వృద్ధుల సోషల్ సెక్యూరిటీ పింఛన్ల జోలికి మాత్రం పోలేదు. పైగా అరవై అయిదు దాటినవారికి అదనపు పన్ను మినహాయింపు ఇచ్చింది. ఒక పథకాన్ని ముట్టుకుంటే చేతులు కాలుతాయి, ఇంకొకదాన్ని ఎన్నిసార్లు కోసినా కోసినవాడికి ఏమీ కాదు. ఎందుకిలా? జవాబు ట్రంప్ హయాంలో దొరకదు. తొంభై ఏళ్ల కిందట ఒక అధ్యక్షుడు ఎంచుకున్న మాటల్లో, ఆ మాటలు నిలబడేందుకు ఆయన వేసిన పన్నులో అది దొరుకుతుంది.

1930ల మహా మాంద్యంలో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ముందు రెండు దారులున్నాయి. సాధారణ పన్నుల సొమ్ముతో ముసలివాళ్లందరికీ పింఛను ఇవ్వడం ఒకటి. కాలిఫోర్నియా వైద్యుడు ఫ్రాన్సిస్ టౌన్సెండ్ అరవై దాటిన ప్రతివారికీ నెలకు 200 డాలర్లు ఇవ్వాలంటూ అప్పటికే లక్షలమందిని కూడగట్టారు. కార్మికుడి జీతం నుంచి కొంత, యజమాని నుంచి కొంత వసూలు చేసి, ఆ చందానే పింఛనుకు అర్హతగా మార్చడం రెండోది. రూజ్వెల్ట్ రెండోదాన్ని పట్టుకున్నారు. కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిద్ధం చేసిన ప్రతిపాదనల మీద రూపొందిన బిల్లు 1935 ఆగస్టు 14న చట్టమైంది. జనం చేతిలో డబ్బే ఆడని రోజుల్లో జీతాల మీద కొత్త పన్ను వేయడం ఆర్థికంగా వింత నిర్ణయమే. 1941లో ఒక పరిపాలనా నిపుణుడు ఆ మాటే ఎత్తితే రూజ్వెల్ట్ ఒప్పుకున్నారు కూడా: ఈ పన్ను ఆర్థికశాస్త్రం కోసం కాదు, ఆసాంతం రాజకీయమే, చందా కట్టినవాడికి చట్టపరంగా, నైతికంగా, రాజకీయంగా హక్కు ఏర్పడుతుంది, ఆ పన్ను అక్కడ ఉన్నంతకాలం ఏ రాజకీయ నాయకుడూ తన పథకాన్ని రద్దు చేయలేడు అని ఆయన వాదన.

ఆ హక్కు ఎలా ఉంటుందో చూడాలంటే 1940 జనవరి 31 నాటి చెక్కును చూడాలి. నెలనెలా పింఛను మొదలైనప్పుడు తొలి చెక్కు వెర్మాంట్ రాష్ట్రంలోని లడ్లో అనే ఊళ్లో విశ్రాంత లీగల్ సెక్రెటరీ ఐడా మే ఫుల్లర్‌కు వెళ్లింది. మొత్తం 22 డాలర్ల 54 సెంట్లు. మూడేళ్లలో ఆమె కట్టిన పన్ను 24 డాలర్ల 75 సెంట్లు మాత్రమే, అంటే రెండో చెక్కుతోనే ఆమె కట్టినదంతా తిరిగి వచ్చేసింది. ఆమె నూరేళ్లు బతికి 22 వేల డాలర్లకు పైగా అందుకున్నారు. లెక్కల ప్రకారం చూస్తే అందులో చాలాభాగం తర్వాతి తరం కార్మికులు కట్టినదే. అయినా అమెరికాలో దాన్ని ఎవరూ దానధర్మం అనలేదు, అనరు. తన కష్టార్జితం తనకు వచ్చిందనే అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని కట్టింది గణితం కాదు, రూజ్వెల్ట్ వాడిన భాష.

ఈ కథకు ఇంకో ముఖం ఉంది, దాన్ని రూజ్వెల్ట్ అభిమానులు అంతగా ప్రస్తావించరు. 1935 జనవరిలో కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ ఆయనే ప్రభుత్వ సాయం మీద బతకడాన్ని మనిషి ఆత్మను గుట్టుగా తినేసే మత్తుమందుతో పోల్చారు. పింఛను చట్టంలోనే, తండ్రి అండ లేని పిల్లలున్న కుటుంబాలకు నగదు సాయం అనే చిన్న భాగం కూడా ఉంది. దానికి చందా లేదు, పేదరికం రుజువు చేసుకోవాలి, అర్హతలు రాష్ట్రాలు నిర్ణయించాలి. పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని పింఛను నుంచి తప్పించడంతో నల్లజాతి కార్మికుల్లో సగానికి పైగా కంచెకు బయటే మిగిలారు. సంక్షేమ రాజ్యానికి పునాది వేసిన చెయ్యే, సంక్షేమాన్ని ఈసడించే భాషను కూడా అందించి వెళ్లింది.

మూడు దశాబ్దాల తర్వాత లిండన్ జాన్సన్, చందా కట్టినవారికీ కట్టనివారికీ మధ్య గీసిన ఆ గీతను చెరిపేయలేదు, పొడిగించారు. 1964 జనవరిలో పేదరికం మీద యుద్ధం ప్రకటించి, ఏప్రిల్‌లో కెంటకీలోని ఇనెజ్ దగ్గర పని పోయిన ఒక రంపపు మిల్లు కార్మికుడి ఇంటికి వెళ్లారు. ఇంటి వసారాలో, చెక్క పలకల మీద, అమెరికా అధ్యక్షుడు గొంతుక్కూర్చుని ఆ ఎనిమిది మంది పిల్లల తండ్రితో మాట్లాడుతున్న ఫొటో దేశమంతా చూసింది. ఆ కుటుంబం తెల్లజాతిది కావడం కాకతాళీయం కాదు. పేదరికానికి ఏ ముఖం చూపిస్తే ఓటరు జాలిపడతాడో జాన్సన్‌కు బాగా తెలుసు. కానీ 1965లో ఆరోగ్య బీమా చట్టం తయారైనప్పుడు అది రెండు ముక్కలైంది. చందా కట్టిన వృద్ధులకు మెడికేర్, చందా లేని పేదలకు రాష్ట్రాల చేతుల మీదుగా మెడికెయిడ్. జులై 30న జాన్సన్ మిస్సోరిలోని ఇండిపెండెన్స్‌కు వెళ్లి, 1945 నుంచి జాతీయ ఆరోగ్య బీమా కోసం పోరాడి ఓడిన మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ ఎదుట సంతకం చేసి, మొదటి మెడికేర్ కార్డు ఆయనకే ఇచ్చారు. వేడుకంతా మెడికేర్‌దే. మెడికెయిడ్‌ను ఆ రోజు పట్టించుకున్నవారు తక్కువ.

రొనాల్డ్ రీగన్ ఈ గీతను అందరికంటే బాగా చదివారు. 1976 ప్రచారంలో ఆయన, ప్రభుత్వ సాయాన్ని మోసంతో కాజేసిందంటూ చెప్పిన షికాగో మహిళ కథలో ఎనభై పేర్లు, ముప్పై చిరునామాలు ఉన్నాయి. ఆ ఒక్క కథ సాయం పొందే లక్షల కుటుంబాలకు ముఖమైపోయింది. అదే రీగన్ అధ్యక్షుడయ్యాక, 1981 మేలో ముందస్తు పదవీ విరమణ పింఛన్లను తగ్గించబోతే, సెనేట్ 96–0 ఓట్లతో దాన్ని ఖండించింది. ఆయన పార్టీకే అక్కడ మెజారిటీ ఉంది! రెండేళ్లకు ఆయనే జీతాల మీద వేసే పేరోల్ పన్ను పెంపును వేగవంతం చేసి, పింఛను వయసును క్రమంగా 67కు పెంచే ఒప్పందంపై సంతకం చేసి సోషల్ సెక్యూరిటీని ఒడ్డున పడేశారు. రూజ్వెల్ట్ లెక్క తప్పలేదు.

ప్రజాభిప్రాయాన్ని అధ్యక్షుడు తన ప్రసంగాలతో తిప్పేయగలడనే నమ్మకం పత్రికల్లో ఎక్కువ, చరిత్రలో తక్కువ. 2004లో రెండోసారి గెలిచిన జార్జ్ బుష్, సోషల్ సెక్యూరిటీలో కొంత భాగాన్ని వ్యక్తిగత పెట్టుబడి ఖాతాలుగా మార్చేందుకు 2005లో అరవై రోజుల్లో అరవై చోట్ల ప్రచారం తలపెట్టారు. మాట్లాడిన కొద్దీ మద్దతు పెరగడానికి బదులు తరిగింది. చివరికి ఏ సభలోనూ ఓటింగు దాకా కూడా రాలేదు. బిల్ క్లింటన్‌ది దీనికి తిరగేసిన అనుభవం. 1993లో అందరికీ ఆరోగ్య బీమా అని బయల్దేరి ఏడాదిలో చతికిలబడిన ఆయనే, 1996 ఆగస్టులో పేద కుటుంబాల నగదు సాయానికి అయిదేళ్ల పరిమితి, పని షరతు పెట్టిన చట్టాన్ని రిపబ్లికన్ కాంగ్రెస్‌తో కలిసి దాటించేశారు. జనం అప్పటికే నమ్ముతున్న మాటను అధ్యక్షుడు పలికితే చట్టం పరుగెత్తుతుంది. ఆ ఏడాది పిల్లలున్న ప్రతి 100 పేద కుటుంబాల్లో 68 నగదు సాయం పొందేవి. 2020 నాటికి అవి 21కి పడిపోయాయి.

అధ్యక్షుడి పేరు తగలడమే ఒక్కోసారి పథకానికి శాపం. బరాక్ ఒబామా 2010 ఆరోగ్య బీమా చట్టం వచ్చాక కెంటకీ, అంటే జాన్సన్ వసారాలో కూర్చున్న ఆ కెంటకీ, తన బీమా వెబ్‌సైట్‌కు ‘కైనెక్ట్’ అని పేరు పెట్టుకుంది. ‘ఒబామాకేర్’ అంటే మండిపడే జనమే ‘కైనెక్ట్’ను అంతగా తప్పుపట్టలేదు. రెండూ ఒకటే. ఐడహో, నెబ్రాస్కా, ఓక్లహోమా వంటి రిపబ్లికన్ రాష్ట్రాల్లో నాయకులు అదే చట్టం కింద మెడికెయిడ్‌ను మరింతమంది పేదలకు విస్తరించడానికి అడ్డుపడితే, ఓటర్లు ప్రజాభిప్రాయ సేకరణలో దాన్ని గెలిపించారు. బ్యాలెట్ మీద అధ్యక్షుడి పేరు లేదు మరి.

ఈ గీత మన తెలుగువారి జీతం చీటీ మీద కూడా ఉంది. హెచ్‌1బీ మీద పనిచేసే ఇంజినీరు జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం ప్రతిసారీ పోతుంది. పదేళ్ల పనికి సమానమైన 40 క్రెడిట్లు నిండకుండా హైదరాబాద్ తిరిగొచ్చేస్తే ఆ పింఛను మీద హక్కు రాదు. ఆ సర్వీసును కలిపి లెక్కించే ఒప్పందం కోసం భారత్ ఏళ్లుగా అడుగుతూనే ఉంది. గ్రీన్‌కార్డు మీద వెళ్లిన తల్లిదండ్రుల సంగతి ఇంకోలా ఉంటుంది: 1996 క్లింటన్ చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లు ఫెడరల్ మెడికెయిడ్ దక్కదు, చందా చరిత్ర లేదు కనుక మెడికేర్ ఉచితంగా రాదు. అమ్మకు అక్కడ ఆసుపత్రి ఖర్చెంత అని కొడుకు ఆరా తీసేటప్పుడు, రూజ్వెల్ట్, క్లింటన్ ఇద్దరి నిర్ణయాలూ ఆ ఫోన్ కాల్‌లో ఉంటాయి.

పని షరతు కాగితం మీద న్యాయంగానే వినిపిస్తుంది. ఒళ్లొంచే ఓపిక ఉన్నవాడు పని చేయాలనడంలో తప్పేముంది? కానీ ఆర్కాన్సాస్ దాన్ని 2018లో అమలుచేసి చూసింది. పనిగంటలు మొదట్లో వెబ్‌సైట్‌లోనే నమోదు చేయాలి. ఆ వెబ్‌సైట్ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఏడు దాకా మూసి ఉండేది. రెండో షిఫ్టు దిగి ఇల్లు చేరే మనిషికి అది మూసిన తలుపే. కొద్ది నెలల్లో 18 వేలమందికి పైగా బీమా పోగొట్టుకున్నాక 2019 మార్చిలో కోర్టు ఆపేసింది. ఇప్పుడు అదే షరతు, 2027 ఆరంభం నాటికి, మెడికెయిడ్‌ను విస్తరించిన రాష్ట్రాలన్నింటికీ వస్తోంది. ట్రంప్ దీన్ని కోత అనలేదు, వృథా, మోసాల ఏరివేత అన్నారు. రీగన్ షికాగో కథలోని పదజాలమే అది.

గీతను చెరపాలని గట్టిగా ప్రయత్నించింది జో బైడెన్. 2021లో పిల్లలున్న కుటుంబాలకు ఇచ్చే పన్ను రాయితీ అయిన పిల్లల పన్ను క్రెడిట్‌ను ఒక్కో బిడ్డకు ఏడాదికి 3,000, ఆరేళ్లలోపు పిల్లలకైతే 3,600 డాలర్లకు పెంచి, సంపాదన లేని కుటుంబాలకు కూడా పూర్తిగా ఇచ్చి, జులై నుంచి నెలనెలా ఖాతాల్లో వేశారు. ప్రభుత్వ సాయాలను కూడా కలిపి లెక్కించే కొలమానంలో ఆ ఏడాది పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. కానీ సొంత పార్టీ సెనేటర్ జో మాంచిన్ పని షరతు లేకుండా పొడిగించడానికి ఒప్పుకోలేదు. ఆరు చెల్లింపులతో డిసెంబరులో ఆగిపోయింది. మరుసటి ఏడాది ఆ పేదరికం 12.4 శాతానికి ఎగబాకింది. రూజ్వెల్ట్ జనాన్ని చెల్లింపుకు అలవాటు చేయడానికి ముందు మూడేళ్లు చందా కట్టించారు, బైడెన్‌కు దొరికింది ఆరు నెలలు. 2025 చట్టం అదే క్రెడిట్‌ను 2,200 డాలర్లకు పెంచింది. సంపాదన ఏమీ లేని తల్లి బిడ్డకు మాత్రం అందులో ఒక్క డాలరూ రాదు.