మోడెమ్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ కేబుల్ మోడెమ్ గారికి,

తమరి ఎదురుగా నేల మీద చతికిలబడి, లైట్ల వంకే చూస్తూ శనివారమంతా గడిపిన భక్తుడి మనవి.

డబ్బా మీద మూడే బొమ్మలు వేశారు: వైరు బిగించు, ప్లగ్గు పెట్టు, నెట్ వాడుకో. మొదటి రెండూ 2 నిమిషాల్లో అయ్యాయి. పవర్ లైటు వెలిగింది, సంతోషం. కంపెనీ నుంచి తమరికొచ్చే సిగ్నల్‌ది, డౌన్‌స్ట్రీమ్ లైటు, కాసేపు మినుకుమని నిలబడింది, మహా సంతోషం. తమరి నుంచి కంపెనీకి పోయే సిగ్నల్‌ది, అప్‌స్ట్రీమ్ లైటు మాత్రం కొట్టుకుని కొట్టుకుని, చివరికి అన్నీ ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చాయి. వైకుంఠపాళీలో పెద్దపాము నోట పడ్డట్టు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఒకసారి ఆపి, 30 సెకన్లాగి ఆన్ చెయ్యండి సార్" అన్నారు. నాలుగుసార్లు చేశాను. తర్వాత మ్యాక్ అడ్రస్, అంటే తమరి గుర్తింపు నంబరు, అడిగారు. అది తమరి పొట్ట కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది కదా! తమరిని తిరగేసి, టార్చి వేసి, "బి కాదండీ, డి, డి!" అని అరిచాను. సున్నాని 'ఓ' అని చదివితే, "అందులో ఎఫ్ దాటి అక్షరాలుండవు సార్" అని అటువైపు ఆవిడ జాలిపడింది.

చివరికి తెలిసినతనొకడు, ల్యాప్‌టాప్‌ని నేరుగా తమరికే తగిలించి బ్రౌజర్‌లో 192.168.100.1 కొట్టమన్నాడు. అక్కడ బయటపడింది తమరి బాగోతం. జరిగినవన్నీ డైరీలా రాసిపెట్టుకున్నారే! టీ3 టైమౌట్, మళ్లీ టీ3 టైమౌట్, మళ్లీ అదే. అంటే తమరు పిలుస్తున్నారు, కేబుల్ కంపెనీ వైపు నుంచి జవాబు లేదు. నేను ఫోన్ లైన్లో, తమరు కేబుల్ లైన్లో, ఇద్దరం ఒకే పని మీద ఉన్నామన్నమాట. ఆ ముక్క నాతో అంటే ఏం పోయింది? పక్కన తేదీ చూస్తే 1970 జనవరి 1. లైను కలిసేదాకా తమరికి టైము తెలియదట. నాకైతే నిజంగానే అప్పట్నుంచీ కూర్చున్నట్టుంది.

అప్‌స్ట్రీమ్ పవర్, అంటే తమరు ఎంత గట్టిగా అరుస్తున్నారో చెప్పే లెక్క, 54 డీబీఎంవీ అని ఉంది. 50 లోపుంటే క్షేమం. అంటే గొంతు చించుకుంటున్నా అటు వినపడట్లేదు. వైరు పట్టుకుని పాక్కుంటూ పోతే, ఎప్పుడో తీసేసిన టీవీ చోట, ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి, ఒక వైరుని రెండుగా చీల్చే స్ప్లిట్టర్లు రెండు! ఒక్కోటి మూడున్నర డెసిబెల్స్, అంటే సగానికి పైగా సిగ్నల్ మింగేస్తుంది. రెండోదాని అవతలి వైరు గోడ దాకా పోయి ఊరికే వేలాడుతోంది. రెండూ పీకేశాను. పవర్ 47కి దిగింది, ఆన్‌లైన్ లైటు నిలబడింది.

మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ అనే రెండు పేర్లు అతికిస్తే మోడెమ్ అయ్యారు. తమరి ఉద్యోగమే అనువాదం. 1997లో కేబుల్ మోడెమ్‌ల కోసం డాక్సిస్ అనే ప్రమాణం వచ్చిన నాటినుంచి తమరి వంశమంతా చేస్తున్నదదే. మనిషి భాషలోకి మాత్రం ఒక్క ముక్క రాదు, మినుకు మినుకు తప్ప!

సరేలే అనుకుని ల్యాప్‌టాప్ తీసి, ఇంట్లో అందరికీ నెట్ పంచే రౌటర్ తగిలించాను. నెట్ లేదు. లైటు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది. మొదట చూసిన ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్‌నే పట్టుకుని వేలాడుతున్నారట, రౌటర్ ఎవరో తెలియనట్టు. దీనికి మందేమిటంటే... చెప్పడానికి నోరు రావట్లేదు. ఆపి, 30 సెకన్లాగి ఆన్ చెయ్యడమేనట.

చేశాను. పవర్ వెలిగింది. డౌన్‌స్ట్రీమ్ మినుకుమంటోంది.

ఇట్లు,
తమరి మ్యాక్ అడ్రస్ నిద్రలో లేపినా అప్పజెప్పగల వినియోగదారుడు