వికటకవిని కాదన్న పైథాన్

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్ ముక్కలు నలుగురితో పంచుకునే అలవాటుకు కాలం చెల్లిందని బెంగళూరులో ఈమధ్య తెగ వింటున్నాను. అడిగిందే తడవుగా ఏఐ రాసిస్తుంటే నీ పది లైన్లు ఎవడిక్కావాలి అంటారు. ఒప్పుకుంటాను, జవాబు ఏఐ ఇస్తుంది. మరి ప్రశ్న?

మారతహళ్లి పీజీ హాస్టల్లో ఉంటూ ఇంటర్వ్యూలకు తిరుగుతున్న నెల్లూరు కుర్రాడొకడు మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఒకే ఒక్క లైన్ పెట్టాడు: పదం == పదం[::-1]. పదాన్ని తిరగేసి, రెండూ ఒకటేనా అని చూస్తుందది; ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే పదమేనా అని తేల్చే పాత లెక్క. ఇంగ్లీషులో 'మేడమ్' ఇస్తే ట్రూ. తెలుగులో 'నటన' ఇస్తే ట్రూ. 'వికటకవి' ఇస్తే ఫాల్స్! "అన్నా, తెనాలి రామకృష్ణుణ్ణే ఫెయిల్ చేసేసింది" అని కింద రాశాడు.

ఇక ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. మనకు అవి ఐదు అక్షరాలు, పైథాన్‌కు ఏడు. 'వి'లోని గుడిని (ి) అది విడిగా లెక్కపెడుతుంది. తిరగేసేసరికి చివరి గుడి 'వ'ని వదిలేసి అందరికన్నా ముందొచ్చి కూర్చుంటుంది, మొదటి గుడి పోయి 'క'కి తగులుకుంటుంది. మిగిలేది 'వకటకివ'. ఏ గుర్తు ఏ రకానిదో చెప్పే యూనికోడ్‌డేటా అనే పైథాన్ మాడ్యూల్‌తో గుణింతపు గుర్తుల్ని పట్టి, వాటి ముందున్న హల్లుకు అతికించి, ఆ తర్వాతే తిరగేయాలని ఒకడు ఎనిమిది లైన్లు రాశాడు. అయితే 'అమ్మ' సంగతేంటని ఇంకొకడు. పొల్లు తర్వాత వచ్చే హల్లునీ కలిపేయాలని మూడోవాడు. వీళ్లలో ఒకడు టెస్టింగ్ ఉద్యోగంలో చేరాక సరదాకి కోడ్ రాసి ఏడాదైంది.

ఆ నెల్లూరు కుర్రాడు నిగనిగలాడే కోడ్ పెట్టి ఉంటే రెండు బొటనవేళ్లు పడేవి, అంతే. తప్పు జవాబిచ్చే కోడ్ పెట్టాడు కాబట్టి అందరి చేతులూ దురదపెట్టాయి.

అసలు నా కడుపుమంట వేరే. కోడ్‌లో విలువల్ని దాచుకునే వేరియబుళ్లకు తెలుగు అక్షరాలతో పేర్లు పెట్టుకునే వీలు 2008లో వచ్చిన పైథాన్ 3.0 నుంచీ ఉంది. పైన తెలుగులో ఉన్న ఆ లైన్ ఉన్నదున్నట్టు నడుస్తుంది. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో ఏ అంతస్తులో చూసినా మనవాళ్లే. ప్రపంచంలోని పేర్లన్నిటికీ ఫారాలు కట్టేది మనమే. అయినా పేరును ఎనిమిదో గుర్తు దగ్గర కత్తిరించే కోడ్ రాసేటప్పుడు అక్కడ తెగేది కొమ్మో ఏత్వమో అని ఎంతమందికి తడుతుంది? టెస్టుకు ఇచ్చే పేరు ఎప్పుడూ ఇంగ్లీషుదే. మన భాషను మనమే టెస్టు చేయకపోతే డబ్లిన్‌లో కూర్చున్నవాడు చేస్తాడా?

నిన్న ఆ గ్రూపులో కొత్త ఫిర్యాదొచ్చింది. సవరించిన కోడ్ కూడా 'కిటికీ'ని ఫాల్స్ అంటోందట. చివర దీర్ఘం ఉంది కదరా, కోడ్ కరెక్టే అన్నాను. "మా ఊళ్లో కిటికి అనే అంటారన్నా" అన్నాడు ఫిర్యాదు పెట్టినవాడు. పంచాయితీ ఇంకా తెగలేదు.