పాత లాప్‌టాప్ మీద కోడింగ్ నేర్చుకోలేరన్న మాట తప్పు

ఇంజినీరింగ్ కాలేజీలు తెరిచే రోజుల్లో వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. మాటలు కాస్త అటూఇటూ మారినా విషయం ఒకటే. కోడింగ్ నేర్చుకోవాలంటే 16 జీబీ ర్యామ్ ఉన్న కొత్త లాప్‌టాప్ ఉండాల్సిందే. పాత మెషీన్ మీద విఎస్ కోడ్ (కోడ్ టైప్ చేసుకునే ఎడిటర్) నడవదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, విమ్ లాంటి పాత ఎడిటర్లు తప్పులు చూపించవు, వాటి కాలం అయిపోయింది. అలవాటైన పాతది పట్టుకుంటే అక్కడే ఆగిపోతారు. కంపెనీల్లో అందరూ వాడేది విఎస్ కోడే కాబట్టి వేరేదానికి చేయి అలవాటైతే ఉద్యోగం రాదు. చివర్లో "మీ పిల్లల భవిష్యత్తు కోసం షేర్ చేయండి" అని ఉంటుంది.

పోయిన నెల ఇది మా అక్కకు చేరింది. మేనకోడలు బీటెక్ మొదటి సంవత్సరంలో చేరింది. ఇంట్లో బావగారు 2013లో కొన్న లాప్‌టాప్ ఉంది: ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. "ఒరేయ్, ఈఎంఐ మీద కొత్తది తీసేసుకోమంటావా? దీనివల్ల పిల్ల వెనకబడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది" అని ఫోన్ చేసింది. ఆదివారం ఖమ్మం వెళ్లి ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇలాంటి మెసేజ్ చూసి ఎన్ని ఇళ్లలో అప్పు చేస్తున్నారో తలుచుకుంటే బాధేస్తుంది. అందుకే అందులోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"16 జీబీ ర్యామ్ ఉండాల్సిందే"

విఎస్ కోడ్‌ను తయారుచేసే మైక్రోసాఫ్ట్ కూడా అంత అడగడం లేదు. వాళ్ల అధికారిక పేజీలో 1.6 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్ అనే ఉంది. అయినా ఈ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. 4 జీబీ మెషీన్‌లో విఎస్ కోడ్ నత్తనడక నడవడం చాలామంది చూసే ఉంటారు. అక్క వాళ్లింట్లో నేనూ చూశాను. మేనకోడలు ఒక పక్క బ్రౌజర్‌లో వీడియో పాఠం, ఇంకో పక్క విఎస్ కోడ్ తెరిచింది. అక్షరం కొడితే తెరమీదికి రావడానికి ఆలస్యం అవుతోంది. "చూడు మామయ్యా, ఇలాగే ఉంటుంది" అంది. టాస్క్ మేనేజర్ తెరిచాం. ప్రాసెసర్‌కు పెద్ద పనేమీ లేదు. మెమరీ నిండిపోయింది. డిస్క్ దగ్గర ఎర్రగా 100 శాతం.

అసలు సంగతి అక్కడుంది. ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ) నిండిపోతే విండోస్ అందులోని కొన్ని భాగాలను హార్డ్ డిస్క్ మీదికి తోసేస్తుంది, అవసరమైనప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. తిరిగే హార్డ్ డిస్క్‌లో హెడ్ సరైన చోటికి చేరి చదవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్‌లో ఆ పని నానోసెకన్ల లెక్కలో అయిపోతుంది. తేడా లక్ష రెట్ల దగ్గర ఉంటుంది. విఎస్ కోడ్ ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ పునాది మీద కట్టింది, అంటే దాని లోపల ఒక మొత్తం క్రోమియం బ్రౌజర్ ఉంటుంది. దానికి తోడు ఇంకో బ్రౌజర్ కూడా తెరిచి ఉంటే, 4 జీబీ ఇల్లు రెండు పెళ్లిళ్లకు ఒకేసారి సరిపోవాలి. ఎలా సరిపోతుంది?

మేనకోడలికి స్కూల్లో హెచ్‌టీఎంఎల్ నేర్పినప్పటి నుంచీ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ బాగా తెలుసు. విఎస్ కోడ్ మూసేసి అది తెరవమన్నాను. వీడియో అలాగే నడుస్తోంది, అక్షరాలు వేళ్లతో పాటే పడుతున్నాయి. 2003లో డాన్ హో మొదలుపెట్టిన ఈ ఎడిటర్ సి ప్లస్ ప్లస్‌లో, నేరుగా విండోస్ ఏపీఐ (విండోస్ సొంత సదుపాయాలు) మీద రాసింది. మధ్యలో బ్రౌజర్ లేదు. అదే లాప్‌టాప్, అదే ర్యామ్. మారింది ఎడిటర్ ఒక్కటే.

"పాత మెషీన్ మీద విఎస్ కోడ్ నడవదు"

ఇందులో సగం నిజం ఉంది. విండోస్ 7 మీద నడిచే చివరి వెర్షన్ 1.70, అది 2022 నాటిది. 32 బిట్ విండోస్‌కు 2023లో వచ్చిన 1.83తో ఆగిపోయింది. కాబట్టి మరీ పాత మెషీన్ ఉన్నవాళ్లు దాని వెంట పడకపోవడమే మంచిది. కానీ విఎస్ కోడ్ నడవకపోవడానికీ, కోడింగ్ నేర్చుకోలేకపోవడానికీ సంబంధం లేదు. మొదటి సంవత్సరంలో రాసే సి ప్రోగ్రామ్ ఎక్కువలో ఎక్కువ వంద లైన్లు. దాన్ని టైప్ చేసి సేవ్ చేయగలిగేది ఏదైనా సరిపోతుంది.

"పాత ఎడిటర్లు తప్పులు చూపించవు"

మొత్తం మెసేజ్‌లో ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. కోడ్ టైప్ చేసుకునే ఎడిటర్ ఏం చేస్తుంది, ఆ కోడ్‌ను మెషీన్ నడిపించే రూపంలోకి మార్చే కంపైలర్ ఏం చేస్తుంది అన్నది ఇది కలిపేస్తుంది. నేర్చుకునే పిల్లలకు మొట్టమొదట తెలియాల్సింది ఆ తేడానే.

మేనకోడలు మార్కుల సగటు లెక్కకట్టే ప్రోగ్రామ్ రాసింది. కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు పెట్టాల్సిన యాంపర్‌సాండ్ గుర్తు మర్చిపోయింది. మొదటి సంవత్సరంలో ఈ తప్పు చేయనివాళ్లు ఉండరు. రన్ చేస్తే ప్రోగ్రామ్ మధ్యలోనే పడిపోయింది. అప్పుడు జీసీసీ అనే కంపైలర్‌కు వార్నింగులన్నీ చూపించమని చెప్పే డబ్ల్యూ ఆల్ ఆప్షన్ కలిపి మళ్లీ కంపైల్ చేయమన్నాను. లైన్ నంబరుతో సహా చూపించింది: ఇక్కడ పూర్ణాంకం చిరునామా ఇవ్వాలి, నువ్వు పూర్ణాంకమే ఇచ్చావు అని. తను ఆ ఇంగ్లీషు వాక్యాన్ని రెండుసార్లు చదివింది, ఆ లైన్ వెతికింది, గుర్తు పెట్టింది. ఎడిటర్‌లో ఎర్రగీత రాలేదు. అయినా తప్పు దొరికింది, దొరికిన కారణం కూడా అర్థమైంది.

విఎస్ కోడ్‌లో కనిపించే ఎర్రగీతలు, సూచనలు కూడా ఎడిటర్ సొంత తెలివి కాదు. వెనక లాంగ్వేజ్ సర్వర్ అనే వేరే ప్రోగ్రామ్ నడుస్తుంది. ఎడిటర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2016లో అందరికీ బయటపెట్టింది. అప్పటి నుంచి విమ్, ఈమ్యాక్స్ లాంటి పాత ఎడిటర్లు వాడేవాళ్లూ అవే సర్వర్లను తగిలించుకుంటున్నారు. అయితే ఆ సర్వర్ కూడా మెమరీ బాగానే తింటుంది. 4 జీబీ మెషీన్‌లో ఏ ఎడిటర్‌కు తగిలించినా భారమే. మొదటి సంవత్సరానికి కంపైలర్ వార్నింగులు చాలు.

పైథాన్ నేర్చుకునేవాళ్లకు వేరే ఎడిటర్ దించుకోవాల్సిన పని కూడా లేదు, విండోస్‌లో పైథాన్‌తో పాటే ఐడిల్ అనే ఎడిటర్ వస్తుంది. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో పుట్టిన థానీ అనే పైథాన్ ఎడిటర్ అయితే ఒక్కో అడుగులో వేరియబుల్ విలువ ఎలా మారుతుందో చూపిస్తుంది. కొత్తవాళ్లకు నేను అదే చెబుతాను.

"అలవాటైన పాతది పట్టుకుంటే అక్కడే ఆగిపోతారు"

ఇక్కడ ఒక చోట నేను మెసేజ్ వైపే ఉంటాను. మన కాలేజీల్లో చాలాచోట్ల సి ల్యాబ్ అంటే ఇప్పటికీ టర్బో సి ప్లస్ ప్లస్ నీలం తెరే. ఎడిటర్, కంపైలర్ కలిసి ఉన్న ఈ బోర్లాండ్ ప్రోగ్రామ్ 1990ల మొదట్లోది, ఇప్పటి విండోస్‌లో డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రామ్‌లను నడిపించేది) పెట్టి నడిపిస్తున్నారు. సి ప్లస్ ప్లస్‌కు మొదటి ఐఎస్‌ఓ (అంతర్జాతీయ) ప్రమాణం వచ్చింది 1998లో. అంటే ఆ కంపైలర్ ప్రమాణం కంటే ముందుది. దాంట్లో ఇంటీజర్ (పూర్ణాంకం) 16 బిట్లే, గరిష్ఠం 32767. 8 ఫ్యాక్టోరియల్ కట్టించి చూడండి. 40320 రావాల్సిన చోట మైనస్ 25216 వస్తుంది. పిల్లలు తమ లాజిక్ తప్పేమోనని గంటలు తల పట్టుకుంటారు. జీసీసీలో ఇంటీజర్ 32 బిట్లు కాబట్టి అదే ప్రోగ్రామ్ 12 ఫ్యాక్టోరియల్ దాకా సరిగ్గా చెబుతుంది.

కానీ అక్కడ కూడా తప్పు ఎడిటర్‌ది కాదు, లోపలున్న కంపైలర్‌ది. ఎఫ్2 నొక్కి సేవ్ చేయడం, కంట్రోల్ ఎఫ్9తో రన్ చేయడం చేతికి అలవాటైతే ఆ అలవాటు ఉంచుకోండి. జీనీ అనే చిన్న ఎడిటర్‌లో ఏ పనికి ఏ కీ కావాలో మనమే పెట్టుకోవచ్చు, వెనక జీసీసీ పనిచేస్తుంది. తెర తుడవడానికీ, కీ నొక్కేదాకా ఆగడానికీ టర్బో సి అలవాటు చేసిన క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్ లాంటి ఆదేశాలు వదిలేస్తే చాలు. వేళ్లకు తెలిసినదాన్ని నిలుపుకుని, పాతబడిన భాగాన్నే మార్చుకోవడం అన్నమాట.

"వాటి కాలం అయిపోయింది"

విమ్‌ను బ్రామ్ మూలెనార్ 1991లో అమీగా కంప్యూటర్ కోసం విడుదల చేశారు. 2023 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఆయన పోయాక కూడా 2024 జనవరిలో 9.1 వచ్చింది, దాన్ని ఆయనకే అంకితమిచ్చారు. విమ్ తెరవగానే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమని ఒక లైన్ కనిపిస్తుంది, నాకు అది చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు. జీఎన్‌యూ ఈమ్యాక్స్ 1985 నాటిది, 2025 ఫిబ్రవరిలో 30వ వెర్షన్ వచ్చింది. మరోవైపు 2014లో అందరూ కొత్తదని ఎత్తుకున్న యాటమ్ అనే ఎడిటర్‌ను దాన్ని తయారుచేసిన గిట్‌హబ్ కంపెనీయే 2022 డిసెంబర్‌లో ఆపేసింది. ఏది నిలుస్తుందో పుట్టిన సంవత్సరం చూసి చెప్పలేం.

"కంపెనీల్లో అందరూ విఎస్ కోడే"

చాలామంది వాడతారు, కాదనను. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడుక్కునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 2023 సర్వేలో నూటికి 73 మందికి పైగా దాని పేరు చెప్పారు. అదే సర్వేలో 24 మంది నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, 22 మంది విమ్ కూడా చెప్పారు. కలిపితే నూరు దాటుతుంది, ఎందుకంటే ఒక్కొక్కరూ రెండు మూడు వాడతారు. విండోస్‌లాగే ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌ను పుట్టించిన లినస్ టోర్వాల్డ్స్ మైక్రోఈమ్యాక్స్ అనే పాత చిన్న ఎడిటర్‌ను తనకు తగ్గట్టు సరిచేసుకుని దాంతోనే పనిచేస్తారు.

ఉద్యోగంలో చేరాక రాత్రిపూట సర్వర్ పడిపోయిందని ఫోన్ వస్తే, రిమోట్‌గా లాగిన్ అయ్యి కాన్ఫిగరేషన్ ఫైల్ సరిచేయాలి. చాలా సర్వర్లలో అక్కడ ఉండేది విఐ (విమ్‌కు ముందు రూపం) లేదా నానో అనే చిన్న ఎడిటర్. యునిక్స్ తరహా సిస్టమ్‌ల కోసం రాసిన పోసిక్స్ ప్రమాణంలోనే విఐ ఉంది. ఇంటి దగ్గర పాత మెషీన్‌లో దాంతో పనిచేసిన పిల్లలు అలాంటప్పుడు కంగారుపడరు. నేను ఇంటర్వ్యూలు చేసినప్పుడు ఏ ఎడిటర్ వాడతావని ఎవరినీ అడగలేదు. లూప్ ఎక్కడ ఆగుతుందో చెప్పగలరా అన్నదే చూశాను.

పాత మెషీన్‌కు చేతకానివి లేవా అంటే ఉన్నాయి. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతారు, 4 జీబీలో దాని జోలికి వెళ్లొద్దు. చాలా టెర్మినల్స్‌లో (ఆదేశాలు టైప్ చేసే తెరల్లో) తెలుగు సరిగ్గా పడదు, "స్త్రీ" అని రాస్తే ఒత్తులు విడిపోతాయి. తెలుగు అక్షరాలతో ప్రోగ్రామ్ రాయాలనుకుంటే టెర్మినల్‌లో విమ్ కంటే విండో ఉన్న జీనీ నయం. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది కాబట్టి భద్రత కోసం లినక్స్‌కు మారే ఆలోచన చేయాలి.

మా అక్క ఈఎంఐ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టింది. ఈ వారం హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) బిగిస్తున్నాను, కొత్త లాప్‌టాప్ ధరలో పదో వంతు కూడా పడదు. దాని మీద లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (లినక్స్‌లో తేలికైన రకం), జీసీసీ, జీనీ. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ విండోస్‌కే కాబట్టి లినక్స్‌లో ఎలా అని మేనకోడలు అడిగింది. జీనీ కూడా దానిలాగే సింటిల్లా అనే భాగం మీద కట్టిందే, రంగులు, లైన్ నంబర్లు చూస్తే తెలిసినదానిలాగే అనిపిస్తుందని చెప్పాను. కీలు తనకు కావాల్సినట్టు పెట్టుకుంటానని ఇప్పటికే ఒక కాగితం మీద రాసి ఉంచింది.