సవరణ: లై డిటెక్టర్ గురించి పోయిన వారం నేను రాసింది తప్పు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మన తెలుగు పిల్లలకి ఫోరెన్సిక్ సైకాలజీ (నేరాలు, కోర్టు వ్యవహారాల్లో మనస్తత్వశాస్త్రాన్ని వాడే విభాగం) పరిచయం చేస్తూ చెప్పిన పాఠాన్ని పోయిన వారం పోస్టు చేశాను కదా, అందులో నిందితుడు ఒప్పుకుంటే లై డిటెక్టర్ ఫలితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుందని రాశాను. అది తప్పు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు: మనిషి ఒప్పుకోకుండా పాలిగ్రాఫ్ (అంటే లై డిటెక్టర్), నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నలడగడం), బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు స్పందనలు కొలవడం) ఏదీ చేయకూడదు, ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితం సాక్ష్యం కాదు, కాకపోతే అలా ఇష్టపడి చేయించుకున్న పరీక్ష వల్ల తర్వాత వస్తువో సమాచారమో దొరికితే దాన్ని మాత్రం కోర్టు ముందు పెట్టొచ్చు. నేను ఈ రెండింటినీ కలిపేశాను.

అసలు లై డిటెక్టర్ మిషన్ అబద్ధాన్ని పట్టదు. ఊపిరి, బీపీ, నాడి, చేతి చెమట, ఇవే చూస్తుంది. ఆ రోజు ప్రశ్న అడగడానికి లేచిన ప్లస్ టూ అమ్మాయి నోట్‌బుక్ అట్ట మీద చెమట వేళ్ళ గుర్తులు పడ్డాయి, పాపం, ఆ పిల్ల ఏం అబద్ధం ఆడిందని? ఒడియా సరిగ్గా రానివాణ్ణి కూర్చోబెట్టి ఒడియాలో ప్రశ్నలేస్తే నిజం చెప్పేవాడికీ టెన్షన్ వస్తుంది.

ఇంకోటి, మతిస్థిమితం లేనివాళ్ళు చేసిన నేరాల విషయంలో వర్తించేది ఐపీసీ (పాత భారత శిక్షాస్మృతి) 84వ సెక్షన్ అని రాశాను. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకి అది భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్. నోట్సు రాసుకున్న పిల్లలు దయచేసి రెండూ దిద్దుకోండి.