మావగారు చల్లబరిచిన ఇల్లు

మల్కాజిగిరిలో అయిదో అంతస్తు ఫ్లాటు కొన్నప్పుడు బిల్డరు "మీ పైన ఎవరూ ఉండరు సార్, ఏ చప్పుడూ ఉండదు" అన్నాడు. పైన సూర్యుడు కాపురం ఉంటాడన్న సంగతి చెప్పలేదు. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, పొద్దంతా తాగిన ఎండని శ్లాబు రాత్రి పదింటికి కిందికి వదలడం మొదలెడుతుంది. ఊరంతా హమ్మయ్య అనుకునే వేళకి మా బెడ్‌రూములో రెండో షిఫ్టన్నమాట. కుళాయి తిప్పితే గీజరు అవసరం లేకుండా సలసల కాగే నీళ్లు. పడుకునే ముందు పరుపు మీద చెయ్యి పెట్టి చూసుకోవాలి, పెనం కాలిందో లేదో చూసుకున్నట్టు.

ఇక లాభం లేదు, హాల్లో కూడా ఏసీ పెట్టిద్దామని నేనూ మా ఆవిడా తీర్మానించుకున్న వారంలోనే కాకినాడ నుంచి మావగారూ అత్తగారూ దిగారు. మావగారు కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఏసీ మాట చెవిన పడగానే కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఏసీ ఏం చేస్తుందనుకున్నారు అల్లుడుగారూ? మీ గదిలో వేడి తోడి ఎదురింటాయన కిటికీ మీద పోస్తుంది. అందుకు బిల్లు మీరు కట్టాలి. నాకో వారం టైమివ్వండి. రెండు వేలు దాటకుండా ఇల్లు ఊటీ చేసి అప్పజెబుతా."

"నాన్న అన్నారంటే అవుతుందండీ" అంది మా ఆవిడ. ఆవిడ అలా అన్నాక ఇంట్లో వేరే ఓటు ఉండదు.

మొదట ఫ్యాన్ల మీద పడ్డారు. మా హాలు ఫ్యాను రెగ్యులేటరు అయిదులో పెడితే రెండులో తిరుగుతుంది. ముసలిదైపోయింది, మార్చేద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. మావగారు మెయిన్ ఆపించి, స్టూలెక్కి, ఫ్యాను మీది గిన్నె దించి లోపలున్న నల్ల డబ్బీ పీకారు. దాన్ని కెపాసిటర్ అంటారట. "ఏళ్ల తరబడి వేడికి ఇది నీరసపడిపోతుంది, దీంతోపాటు ఫ్యానూ నీరసపడుతుంది. మోటారుకేం రోగం లేదు" అని, కోఠీలో గుజరాతీ గల్లీ దాకా వెళ్లి 2.5 మైక్రోఫారడ్లది కొత్తది తెచ్చి బిగించారు. వంద రూపాయలు కూడా కాలేదు. స్విచ్చి వేశామో లేదో క్యాలెండరు గబగబా నెలలు తిప్పేసుకుని డిసెంబరులో ఆగింది. టీపాయ్ మీది కరెంటు బిల్లు ఎగిరి వంటింట్లో తేలింది. అత్తగారు కింద కూర్చుని జల్లిస్తున్న శనగపిండి సగం జల్లెడలో, సగం మావగారి మీసాల్లో. ఆయన తుడుచుకోలేదు. అలా పసుపు మీసాలతోనే తిరిగే ఫ్యాను కేసి చూస్తూ నిలబడ్డారు.

తర్వాత అటక మీది పాత కూలరు. బోరు నీళ్ల ఉప్పు పట్టి దాని గడ్డి గోడ పెచ్చుల్లా తయారైంది. కొత్త గడ్డి పెట్టించి, కూలరుని కిటికీలో కూర్చోబెట్టి, ఎదురుగా బాల్కనీ తలుపు బార్లా తెరిచారు. ఇక్కడే అత్తగారితో పేచీ వచ్చింది.

"చల్లగాలంతా వీధిపాలు చేస్తారా?" అని ఆవిడ తలుపు మూసేస్తారు. ఆవిడకి తెలిసిన చల్లదనమల్లా పెళ్లిళ్ల ఏసీ హాళ్లది.

"ఒసేవ్, ఇది ఏసీ కాదే. పొడిగాలి తడి గడ్డిలోంచి వస్తే నీళ్లు ఆవిరవుతాయి, ఆ ఆవిరి వేడి పట్టుకుపోతుంది. ఆ చెమ్మగాలి బయటికెళ్లే దారి ఉండాలి. మన కాకినాడ ఉక్కలో ఇది పనికిరాదు గానీ, హైదరాబాదు పొడి ఎండకి దీన్ని మించింది లేదు" అని ఆయన తెరుస్తారు.

ఆయన స్నానానికి వెళ్లగానే ఆవిడ మూస్తారు. ఆ మూసిన పూటల్లో డబ్బాలోని అప్పడాలు చపాతీలయ్యాయి, ఉప్పు నీరు కారింది, బీరువా చెక్క తలుపు ఉబ్బి నా ఆఫీసు చొక్కాలన్నీ లోపలే ఉండిపోయాయి. చివరికి మావగారు బాల్కనీ తలుపుని గ్రిల్లుకి తాడేసి కట్టారు. స్తంభాలెక్కిన మనిషి వేసిన ముడి అది. ఇప్పటికీ ఎవరికీ విప్పడం రాలేదు.

ఇంతవరకూ అన్నీ మా ఇంటి గోడల మధ్య జరిగినవే. అసలు వేడి శ్లాబుది కాబట్టి దాని సంగతి తేల్చాలన్నారు. టెర్రస్‌కి తెల్లగా సున్నం కొడితే ఎండ పైనుంచి పైకే వెళ్లిపోతుంది. మాట నిజమే. హార్డ్‌వేర్ షాపతను డబ్బాల్లో వచ్చే తెల్ల పెయింటు చూపించాడు గానీ, దాని ధర విని మావగారు ఆ డబ్బాని ముట్టుకోను కూడా లేదు. పచ్చి సున్నం గడ్డలు బస్తాడు, కొంచెం జిగురు, రెండు కుంచెలు పట్టుకొచ్చారు.

సున్నం కళ్లలో పడితే ప్రమాదమని నల్ల కళ్లజోడు పెట్టుకున్నారు. చేతులకి లైన్ మీద పనిచేసినప్పటి రబ్బరు గ్లవ్స్, ముక్కుకి తువ్వాలు. మనిషికి అన్ని రక్షణలూ ఉన్నాయి. టబ్బుకే ఏమీ లేదు. అది మా ఆవిడ దుప్పట్లు నానబెట్టుకునే నీలం ప్లాస్టిక్ టబ్బు. అందులో సున్నం గడ్డలన్నీ ఒకేసారి పోసి, పైన ఒక బకెట్టు నీళ్లు కుమ్మరించారు.

కాల్చిన సున్నానికి నీళ్లు తగిలితే ఎంత వేడి పుడుతుందో పల్లెటూళ్లలో సున్నం వేసిన వాళ్లకి తెలుసు. మావగారికీ తెలుసు. కాకపోతే వాళ్ల ఊళ్లో అది ఇనప డ్రమ్ములో ఉడికేది. ముందు బుస్సుమంది. తర్వాత గడ్డలు పగులుతూ కుతకుతలాడాయి. పొగలాంటి ఆవిరి లేచింది. టబ్బు మెల్లగా ఒక పక్కకి పొట్ట పెట్టింది. "అల్లుడుగారూ, పట్టుకోండి!" అని ఆయన, "వద్దు, పట్టుకోకండి!" అని మళ్లీ ఆయనే అరుస్తుండగా అడుగు మెత్తబడి జారిపోయింది.

మా టెర్రస్ మీద వానాకాలంలో నీళ్లు చీలమండ లోతున వారం పాటు నిలబడి ఉంటాయి. వాలు సరిగ్గా లేదని ఎన్ని మీటింగుల్లో గొడవపడ్డామో. ఆ రోజు మాత్రం సున్నం పాలు ఎక్కడా ఆగకుండా, ఎవరో దారి చూపించినట్టు, తిన్నగా వాన నీళ్ల పైపులోకి వెళ్లిపోయాయి.

కింద నుంచి వాచ్‌మన్ కేక. "సార్! పైపులకెళ్లి పాలొస్తున్నయ్ సార్!"

ఆ పైపు మూతి తెరుచుకునేది పార్కింగులోకి. అక్కడ నిలబెట్టి ఉన్నది అసోసియేషన్ సెక్రటరీగారి నల్ల కారు. మేం దిగేసరికి దాని ముందు సగం అప్పుడే పెళ్లికి ముస్తాబైనట్టుంది. సెక్రటరీగారు లుంగీ మీదే వచ్చేశారు.

"ఏంది సార్ ఇది? బండి కొని ఏడాది కూడా కాలె!"

మావగారు కళ్లజోడు తియ్యకుండానే మొదలెట్టారు. "కంగారు పడకండి. మీ తెలంగాణ ప్రభుత్వమే 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 దాకా అమల్లో ఉంటుంది."

"ఆ పాలసీల నా కారున్నదా సార్?"

దీనికి మావగారి దగ్గర జవాబు లేదు. సెక్రటరీగారు అక్కడితో ఆగుతారా? ఫోన్లో వెతికి, ఆ పాలసీ ప్రకారం ఇళ్లకి 600 గజాలు, ఆ పైనుంటేనే తప్పనిసరి అని, మన బిల్డింగు 400 గజాలేనని, కాబట్టి ఎవరూ మిమ్మల్ని బలవంతం చెయ్యలేదని పైకి చదివి వినిపించారు.

సున్నం ఎండితే పెయింటు తినేస్తుంది. వెంటనే నీళ్లు ధారగా పొయ్యాలి. మే నెల, సంపు అడుగంటి ఉంది. కారు కడగడానికి ట్యాంకరు పిలిపించాం. నీళ్లతో వదలని మరకలకి పులుపు పనిచేస్తుందన్నారు ఎవరో. వెనిగర్ దొరక్క అత్తగారు షర్బత్‌కి దాచుకున్న నిమ్మకాయలన్నీ పిండి, నీళ్లు కలిపి తెచ్చారు. ఎండాకాలంలో నిమ్మకాయ ధర తెలిసిన ఆడవాళ్లంతా బాల్కనీల్లోంచి ఆ దృశ్యం చూసి నిట్టూర్చారు. కారు దక్కింది. మెట్ల మీద మాత్రం అయిదో అంతస్తు నుంచి పార్కింగు దాకా మావగారి తెల్ల అడుగులు, కృష్ణాష్టమికి వేసినట్టు, చాలా రోజులుండిపోయాయి.

మావగారు పట్టు వదల్లేదు. మిగిలిన డబ్బులతో ఇంకో బస్తా తెచ్చి, వాచ్‌మన్ దగ్గర పాత ఇనప డ్రమ్ము అడిగి తీసుకుని, ముందు నీళ్లు పోసి, సున్నం గడ్డలు ఒక్కొక్కటే వేశారు. రాత్రంతా నాననిచ్చి, పాత పంచెలో వడగట్టి, జిగురు కలిపి, సాయంత్రం చల్లబడ్డాక రెండు పూతలు కొట్టారు. గోడకి తగిలించిన థర్మామీటరులో రాత్రి పదింటికి మూడు డిగ్రీలు తగ్గింది. పరుపు మీద చెయ్యి పెట్టకుండానే పడుకున్నాం.

ఖర్చెంతయిందని అడిగితే పద్దెనిమిది వందలన్నారు. టబ్బు, ట్యాంకరు, నిమ్మకాయల మాట ఎత్తితే, "అవి సున్నం ఖాతాలోకి రావు" అన్నారు.

లిఫ్టులో నోటీసు పడింది. 'అసోసియేషన్ అనుమతి లేకుండా టెర్రస్‌పై ఎటువంటి రసాయన ప్రయోగాలు చేయరాదు.' సాయంత్రానికి దాని కింద గుండ్రటి చేతిరాత. 'ప్రయోగం కాదు, సున్నం. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు, తర్వాత సున్నం. తిరగెయ్యరాదు.' మర్నాడు దాని కింద పెన్సిలుతో ఎవరో, 'జిగురు ఎంత కలపాలి అంకుల్?' ఆ కింద ఎర్ర ఇంకుతో సెక్రటరీగారు, 'నోటీసులపై రాయరాదు.' ఇంకా రెండు వేళ్ల ఖాళీ ఉంది. మావగారు జేబులో పెన్ను పెట్టుకునే లిఫ్టెక్కుతున్నారు.